పెంపుడు కుక్కల బీమా

పెంపుడు కుక్కల బీమా అనగా పెంపుడు కుక్కకు జబ్బు చేసినపుడు, గాయపడినపుడు, అది మరణించినపుడు లేదా దాని వలన ఇతరులకు హాని కలిగినపుడు యజమానిపై పడే ఖర్చును కొంతవరకు భరిస్తానని బీమా సంస్థ చేసుకునే ఒప్పందం. ఇందుకు ప్రతిఫలంగా యజమాని ఏటా లేదా నెలనెలా ప్రీమియం చెల్లిస్తాడు. చట్టరీత్యా చాలా దేశాలలో కుక్కను యజమాని ఆస్తిగానే పరిగణిస్తారు కనుక ఈ బీమా ఆరోగ్య బీమాలా కనిపించినా సాధారణ బీమా విభాగం కిందికే వస్తుంది. పాడిపశువుల బీమాకు, దీనికి మూలసూత్రం ఒకటే అయినా ఉద్దేశం వేరు. పాడిపశువు రైతుకు జీవనాధారం. కుక్క విషయంలో నష్టం కంటే వైద్యపు ఖర్చే ప్రధాన సమస్య.

నయం కాగల జబ్బు ఉండి కూడా డబ్బు లేక కుక్కకు వైద్యం మానివేయడం లేదా కారుణ్య మరణానికి ఒప్పుకోవడం పశువైద్యులకు తరచు ఎదురయ్యే పరిస్థితి. అటువంటి నిర్ణయం తీసుకోవలసిన అవసరాన్ని తగ్గించడం ఈ బీమా ప్రధాన ప్రయోజనం. అయితే పథకాల నిబంధనలు ఒకదానికొకటి చాలా తేడాగా ఉంటాయి. ప్రీమియం ఒక్కటే చూసి పథకాన్ని ఎంచుకున్నవారికి అవసర సమయంలో ఆశించిన సొమ్ము అందకపోవచ్చు.

చరిత్ర

జంతువుల బీమా యూరప్‌లో గుర్రాలు, పశువులతో మొదలయింది. స్వీడన్‌కు చెందిన క్లేస్ వర్జిన్ 1890 ప్రాంతంలో ప్రారంభించిన పశు బీమాను నేటి పెంపుడు జంతువుల బీమాకు ఆద్యంగా చెబుతారు. కుక్కకు తొలి పాలసీ కూడా స్వీడన్‌లోనే 1924లో జారీ అయింది. నేటికీ ఆ దేశంలో అత్యధిక శాతం కుక్కలకు బీమా ఉంది. అక్కడి అగ్రియా అనే బీమా సంస్థ వద్ద పోగుపడిన క్లెయిముల సమాచారం ఏ జాతి కుక్కలకు ఏ జబ్బులు ఎక్కువగా వస్తాయో తెలిపే పరిశోధనలకు ఉపయోగపడింది.

బ్రిటన్‌లో ఈ బీమా 1947లో ప్రవేశించింది. 1976లో పెట్‌ప్లాన్ సంస్థ ఏర్పడిన తరువాత అక్కడ బాగా వ్యాపించింది. అమెరికాలో జాక్ స్టీఫెన్స్ అనే పశువైద్యుడు 1980లో కాలిఫోర్నియాలో వెటరినరీ పెట్ ఇన్సూరెన్స్ అనే సంస్థను స్థాపించాడు. 1982లో ఈ సంస్థ తన తొలి పాలసీని టెలివిజన్ ధారావాహికలో లాసీ పాత్ర ధరించిన కాలీ జాతి కుక్కకు జారీ చేసింది. తరువాతి కాలంలో ఈ సంస్థ నేషన్‌వైడ్ బీమా సంస్థలో భాగమయింది.

భారతదేశంలో

భారతదేశంలో సాధారణ బీమా వ్యాపారాన్ని 1972 నాటి చట్టం ద్వారా జాతీయం చేశారు. 1973 జనవరి 1 నుండి న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, నేషనల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ సంస్థలు ఈ వ్యాపారాన్ని నిర్వహించసాగాయి. గ్రామీణ బీమాలో భాగంగా పశువులు, గొర్రెలు, కోళ్ళతో పాటు కుక్కలకు కూడా ప్రభుత్వ రంగంలో పాలసీలు వచ్చాయి. ఈ పాత తరహా పాలసీలలో ప్రధాన రక్షణ కుక్క మరణానికే. ప్రమాదం వలన గాని, జబ్బు వలన గాని కుక్క చనిపోతే బీమా మొత్తాన్ని చెల్లిస్తారు. వీటికి సాధారణంగా ఎనిమిది వారాల నుండి ఎనిమిదేళ్ళ వయసు గల కుక్కలు అర్హమైనవి.

వైద్యపు ఖర్చు ప్రధానంగా ఉండే పాలసీలు భారతదేశంలో ఇటీవలివి. అప్పటి బజాజ్ అలియాంజ్ సాధారణ బీమా సంస్థ 2020లో పెంపుడు కుక్కల పాలసీని ప్రవేశపెట్టింది. తరువాత మరికొన్ని ప్రైవేటు సంస్థలు కూడా ఈ రంగంలోకి వచ్చాయి. వీటిలో శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చులు, మరణం, దొంగతనం, ఇతరులకు కలిగే హాని వంటి అంశాలను విడివిడిగా గాని, కలిపి గాని తీసుకునే వీలుంటుంది.

భారతదేశంలో బీమా సంస్థలన్నిటినీ నియంత్రించే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. బీమా సంస్థలు అమ్మే ప్రతి పథకానికి ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాలసీ పత్రంపై ఈ సంఖ్య ఉన్నదో లేదో చూసుకోవాలి. జంతువుల ఆసుపత్రులు, దుకాణాలు అమ్మే సభ్యత్వ కార్డులు, రాయితీ పథకాలు బీమా కావు. వాటిపై వివాదం వస్తే బీమా అంబుడ్స్‌మన్ విచారించడు.

రక్షణలో రకాలు

* ప్రమాద రక్షణ: వాహనం ఢీకొనడం, ఎత్తు నుండి పడటం, ఎముకలు విరగడం, విషం తినడం, పాము కాటు వంటి వాటికి మాత్రమే వర్తిస్తుంది. ప్రీమియం తక్కువ. జబ్బులకు ఏమీ రాదు.
* ప్రమాదం, జబ్బు రక్షణ: వైద్యపరీక్షలు, మందులు, ఆసుపత్రిలో చేర్చడం, శస్త్రచికిత్స ఖర్చులను భరిస్తుంది. ఎక్కువమందికి అవసరమయ్యేది ఇదే.
* మరణ రక్షణ: కుక్క చనిపోతే దాని విలువను చెల్లిస్తుంది. చికిత్స ఖర్చు ఇందులో ఉండదు.
* దొంగతనం, తప్పిపోవుట: కుక్క వెల, కొన్ని పథకాలలో పత్రికా ప్రకటన ఖర్చు చెల్లిస్తారు.
* మూడవ పక్షపు బాధ్యత: కుక్క కరవడం వలన లేదా దానివల్ల జరిగిన ప్రమాదం వలన ఇతరులకు యజమాని చెల్లించవలసిన పరిహారాన్ని భరిస్తుంది.
* నివారణ రక్షణ: టీకాలు, నులిపురుగుల మందులు, పళ్ళ శుభ్రత వంటి మామూలు ఖర్చులకు ఉద్దేశించినది. ఇవి ముందుగానే తెలిసిన ఖర్చులు కనుక అదనపు ప్రీమియం, వచ్చే ప్రయోజనం దాదాపు సమానంగా ఉండే అవకాశం ఉంది.

జబ్బు రక్షణలో కూడా బ్రిటన్‌లో మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మొదటిది కాలపరిమితి పద్ధతి. ఇందులో ఒక జబ్బుకు సాధారణంగా 12 నెలల వరకు చెల్లించి తరువాత ఆపివేస్తారు. రెండవది గరిష్ఠ మొత్తం పద్ధతి. ఇందులో ఒక్కొక్క జబ్బుకు ఒక మొత్తం నిర్ణయించి, అది అయిపోయేవరకు ఎంతకాలమైనా చెల్లిస్తారు. మూడవది జీవితకాల పద్ధతి. ఇందులో పాలసీని ఏటా పునరుద్ధరించినపుడు పరిమితి కూడా తిరిగి మొదటికి వస్తుంది. మధుమేహం, మూర్ఛ, చర్మపు అలర్జీ, కీళ్ళవాతం వంటి దీర్ఘకాలిక జబ్బులలో ఈ తేడా ముఖ్యమైనది. కాలపరిమితి పాలసీ ఉన్న కుక్కకు మధుమేహం వస్తే మొదటి సంవత్సరం తరువాత ఇన్సులిన్ ఖర్చు పూర్తిగా యజమానిదే అవుతుంది. అప్పుడు వేరే సంస్థకు మారినా అక్కడ అది పూర్వవ్యాధిగా లెక్కకు వస్తుంది.

ముఖ్యమైన పదాలు

* బీమా మొత్తం: పాలసీ కాలంలో సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తం.
* ఉప పరిమితి: మొత్తంలో ఒక్కొక్క అంశానికి విడిగా పెట్టిన పరిమితి. బీమా మొత్తం పెద్దదిగా కనిపించినా శస్త్రచికిత్సకు లేదా గది అద్దెకు చిన్న ఉప పరిమితి ఉండవచ్చు.
* డిడక్టిబుల్: ప్రతి క్లెయిములో లేదా ప్రతి సంవత్సరంలో యజమాని మొదట తానే భరించవలసిన నిర్ణీత మొత్తం. సంవత్సరానికి ఒకసారి తీసివేయడం యజమానికి మేలు. ప్రతి క్లెయిముకు తీసివేస్తే చిన్న బిల్లులకు ఏమీ రాదు.
* సహచెల్లింపు: బిల్లులో యజమాని భరించవలసిన శాతం. కుక్క వయసు పెరిగిన తరువాత కొన్ని పథకాలు ఈ శాతాన్ని పెంచుతాయి.
* నిరీక్షణ కాలం: పాలసీ మొదలయిన తరువాత రక్షణ అమలులోకి రావడానికి ఆగవలసిన రోజులు. ఈ రోజులలో బయటపడిన జబ్బుకు చెల్లింపు ఉండదు.
* పూర్వవ్యాధి: పాలసీకి ముందు లేదా నిరీక్షణ కాలంలో లక్షణాలు కనిపించిన జబ్బు. వైద్యుడు జబ్బును నిర్ధారించి ఉండనవసరం లేదు. లక్షణం కనిపించినట్లు రికార్డులో ఉంటే చాలు.

మినహాయింపులు

పాలసీ పత్రంలో అన్నిటికంటే శ్రద్ధగా చదువవలసినది మినహాయింపుల భాగం. దాదాపు అన్ని పథకాలలోను కనిపించే మినహాయింపులు ఇవి:

* పూర్వవ్యాధులు
* గర్భధారణ, ప్రసవం, పిల్లల పెంపకానికి సంబంధించిన ఖర్చులు
* తోక, చెవులు కత్తిరించడం వంటి సౌందర్య చికిత్సలు
* టీకాలు వేయించని కారణంగా వచ్చిన జబ్బులు
* పందేలు, కుక్కల పోట్లాటలు, వ్యాపార రీత్యా కాపలా వంటి ఉపయోగాలలో కలిగిన గాయాలు
* యజమాని నిర్లక్ష్యం, క్రూరత్వం వలన కలిగిన హాని
* రిజిస్టరు కాని వైద్యుని వద్ద చేయించిన చికిత్స

టీకాల నిబంధన తెలుగు ప్రాంతాల యజమానులకు ప్రత్యేకంగా ముఖ్యమైనది. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ వంటి జబ్బులకు టీకాలు ఉన్నాయి. పార్వో సోకిన కుక్కపిల్లకు రక్త విరేచనాలు, వాంతులు మొదలయి, కొన్ని రోజులపాటు సెలైను ఎక్కించవలసి వస్తుంది. టీకాల పుస్తకంలో తేదీ, వైద్యుని సంతకం, టీకా సీసా చీటీ లేకపోతే ఈ ఖర్చుకు క్లెయిము నిలవడం కష్టం. పిడుదుల ద్వారా వ్యాపించే ఎర్లీకియోసిస్, బాబేసియోసిస్ జ్వరాలు కూడా ఈ ప్రాంతంలో తరచుగా కనిపిస్తాయి. వీటిని నివారించదగిన జబ్బులుగా చూపి కొన్ని పథకాలు మినహాయించే అవకాశం ఉన్నందున ముందే అడిగి తెలుసుకోవాలి.

మరొక సూక్ష్మమైన మినహాయింపు జంట అవయవాలకు సంబంధించినది. ఒక మోకాలి లిగమెంటు పాలసీకి ముందు తెగి ఉంటే, తరువాత రెండవ మోకాలికి అదే జరిగినా దానిని పూర్వవ్యాధిగానే లెక్కించే పథకాలున్నాయి. తుంటి కీళ్ళు, కళ్ళు, చెవుల విషయంలోనూ ఇదే నియమం వర్తించవచ్చు.

జాతి, వయసు ప్రభావం

ప్రీమియం నిర్ణయంలో కుక్క జాతి, వయసు, నివాస ప్రాంతం ముఖ్యమైనవి. కొన్ని జాతులకు వంశపారంపర్యంగా కొన్ని సమస్యలు ఉన్నాయి.

* లాబ్రడార్, జర్మన్ షెపర్డ్: తుంటి, మోచేతి కీళ్ళ లోపాలు
* పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు: శ్వాస ఇబ్బంది, కంటి పుండ్లు, వేసవిలో వడదెబ్బ
* డాక్స్‌హుండ్: వెన్నుపూసల మధ్య డిస్కు జారడం, వెనుక కాళ్ళు చచ్చుబడటం
* డాబర్‌మన్: గుండె కండరాల జబ్బు
* గ్రేట్ డేన్: కడుపు ఉబ్బి మెలితిరగడం. ఇది గంటలలో ప్రాణం తీయగల అత్యవసర స్థితి
* డాల్మేషియన్: పుట్టుకతో చెవుడు, మూత్రాశయంలో రాళ్ళు

కుక్క జాతికి సహజమైన జబ్బునే వంశపారంపర్య వ్యాధి పేరుతో మినహాయించిన పాలసీ వలన ఆ యజమానికి ప్రయోజనం చాలా తక్కువ. కనుక లాబ్రడార్ యజమాని తుంటి కీళ్ళ గురించి, పగ్ యజమాని శ్వాసనాళ శస్త్రచికిత్స గురించి పేరు పెట్టి అడిగి, సమాధానం వ్రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

వీధి నుండి తెచ్చి పెంచుకునే నాటు కుక్కల విషయంలో ఇంకొక చిక్కు కలదు. మరణ రక్షణ ప్రధానంగా గల పాలసీలో బీమా మొత్తం కుక్క వెలపై ఆధారపడుతుంది. కొనుగోలు రసీదు, వంశావళి పత్రం లేని కుక్కకు వెల తక్కువగా కడతారు. కాని కాలు విరిగితే నాటు కుక్కకైనా, జాతి కుక్కకైనా చికిత్స ఖర్చు ఒకటే. ఇటువంటి కుక్కకు వైద్యపు ఖర్చు భరించే పథకమే ఉపయోగకరం.

వయసు విషయంలో రెండు హద్దులను వేరువేరుగా చూడాలి. మొదటిసారి పాలసీలో చేరడానికి గరిష్ఠ వయసు ఒకటి, పునరుద్ధరణకు గరిష్ఠ వయసు మరొకటి. జబ్బులు ఎక్కువగా వచ్చేది ముసలితనంలోనే కనుక పునరుద్ధరణ ఎనిమిదవ ఏటనో, పదవ ఏటనో ఆగిపోయే పథకంలో అంతవరకు కట్టిన ప్రీమియం అసలైన అవసరానికి ఉపయోగపడదు.

పథకాన్ని అంచనా వేయు విధానం

చెల్లింపు లెక్క

ఒకే అంకెలున్న రెండు పథకాలు కూడా లెక్క కట్టే క్రమాన్ని బట్టి వేరువేరు మొత్తాలు ఇవ్వగలవు. ఉదాహరణకు శస్త్రచికిత్స బిల్లు 60,000 రూపాయలు, డిడక్టిబుల్ 5,000, సహచెల్లింపు 20 శాతం, శస్త్రచికిత్సకు ఉప పరిమితి 40,000 అనుకుందాం.

* ఉప పరిమితిని చివర వర్తింపజేస్తే: 60,000 నుండి 5,000 తీసివేయగా 55,000. అందులో 80 శాతం 44,000. పరిమితి వలన సంస్థ చెల్లించేది 40,000. యజమాని భరించేది 20,000.
* ఉప పరిమితిని మొదట వర్తింపజేస్తే: బిల్లును 40,000గానే లెక్కిస్తారు. 5,000 తీసివేయగా 35,000. అందులో 80 శాతం 28,000. యజమాని భరించేది 32,000.

రెండు లెక్కలకు మధ్య తేడా 12,000 రూపాయలు. ఈ క్రమం ప్రచార పత్రంలో ఉండకపోవచ్చు. పాలసీ నిబంధనల పత్రంలో చూడాలి. అక్కడా స్పష్టంగా లేకపోతే ఒక నమూనా బిల్లు చూపి ఎంత వస్తుందో సంస్థను అడగాలి.

జీవితకాలపు ఖర్చు

మొదటి సంవత్సరపు ప్రీమియం ఆధారంగా పథకాన్ని నిర్ణయించడం సరికాదు. ప్రీమియం కుక్క వయసుతో పాటు పెరుగుతుంది. మొదటి సంవత్సరం 5,000 రూపాయలు ఉండి ఏటా 10 శాతం పెరిగితే ఎనిమిదవ సంవత్సరం దాదాపు 9,750 అవుతుంది. ఎనిమిదేళ్ళకు కట్టిన మొత్తం సుమారు 57,000 రూపాయలు అవుతుంది. గత సంవత్సరాలలో ప్రీమియం ఎలా పెరిగిందో, క్లెయిము చేసినవారికి అదనంగా పెంచుతారో లేదో తెలుసుకోవాలి.

పొదుపుతో పోలిక

బీమాకు బదులు అదే సొమ్మును బ్యాంకులో విడిగా దాచుకోవడం మరొక మార్గం. ఇందులో మినహాయింపులు, నిరీక్షణ కాలం ఉండవు. కుక్క ఆరోగ్యంగా ఉంటే సొమ్ము మిగిలిపోతుంది. లోపం సమయానిదే. పై ఉదాహరణలో రెండవ సంవత్సరం ముగిసేసరికి దాచిన సొమ్ము 10,500 రూపాయలు మాత్రమే. అప్పుడే 60,000 రూపాయల శస్త్రచికిత్స అవసరమయితే పొదుపు చాలదు. హఠాత్తుగా వచ్చే పెద్ద ఖర్చును ఎలాగైనా సమకూర్చుకోగల కుటుంబానికి పొదుపు సరిపోవచ్చు. అలా సమకూర్చుకోలేని కుటుంబానికి, పెద్ద ఖర్చులను మాత్రమే భరించి, చిన్న ఖర్చులను డిడక్టిబుల్ ద్వారా యజమానికే వదిలే పాలసీ ఉపయోగకరం. రెండింటినీ కలిపి, డిడక్టిబుల్ ఎక్కువగా గల పాలసీతో పాటు చిన్న పొదుపు ఉంచుకోవడం కూడా ఒక పద్ధతి.

పశువైద్య సదుపాయం ఎంత దగ్గరలో ఉన్నదనేది కూడా లెక్కలోకి వస్తుంది. రాజేంద్రనగర్, తిరుపతి వంటి చోట్ల గల పశువైద్య కళాశాలలు, ప్రభుత్వ పశువైద్యశాలలు తక్కువ ఖర్చుతో చికిత్స చేస్తాయి. వీటిపై ఆధారపడేవారి ఖర్చు ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్ళేవారి ఖర్చు కంటే తక్కువ. చికిత్సకు నగరానికి తీసుకువెళ్ళవలసిన పల్లెలలో ప్రయాణపు ఖర్చు కూడా కలుస్తుంది. సాధారణంగా పాలసీలు దానిని భరించవు.

అడుగవలసిన ప్రశ్నలు

* నిరీక్షణ కాలం ప్రమాదానికి, జబ్బుకు, కీళ్ళ సమస్యలకు విడివిడిగా ఎన్ని రోజులు?
* దీర్ఘకాలిక జబ్బుకు రెండవ సంవత్సరం కూడా చెల్లిస్తారా?
* నయమయిన పాత జబ్బు కొంతకాలం తరువాత పూర్వవ్యాధి జాబితా నుండి తొలగుతుందా?
* బయటి రోగి చికిత్సకు చెల్లిస్తారా, లేక 24 గంటలు ఆసుపత్రిలో ఉంచితేనా?
* ఎక్స్‌రే, స్కానింగు, రక్తపరీక్షల ఖర్చు కలిసి ఉన్నదా?
* ఏ వైద్యుని వద్దకైనా వెళ్ళవచ్చా?
* మొదట యజమాని చెల్లించి తరువాత తిరిగి పొందవలెనా, నేరుగా ఆసుపత్రికి చెల్లిస్తారా?
* పునరుద్ధరణకు వయో పరిమితి ఎంత? సంస్థ పునరుద్ధరణ నిరాకరించవచ్చా?

క్లెయిము విధానం

కుక్కను గుర్తించడం ఈ బీమాలో మొదటి సమస్య. ఒకే రంగు, ఒకే జాతి కుక్కలు చాలా ఉంటాయి. పశువుల బీమాలో చెవికి బిళ్ళ వేస్తారు. కుక్కలకు చర్మం కింద మైక్రోచిప్ అమర్చడం, ముక్కు ముద్ర, ఫోటోలు వంటివి వాడుకలో ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మైక్రోచిప్‌లో 15 అంకెల సంఖ్య ఉంటుంది. పాలసీలో వ్రాసిన సంఖ్య, వైద్యుని పత్రాలలోని సంఖ్య ఒకటిగా ఉండాలి.

జబ్బు చేసినపుడు ముందు చికిత్స చేయించి, పాలసీలో చెప్పిన గడువులోగా సంస్థకు తెలియజేయాలి. సాధారణంగా కోరే పత్రాలు: క్లెయిము దరఖాస్తు, వైద్యుని చీటీలు, జబ్బు నిర్ధారణ వివరాలు, పరీక్షల ఫలితాలు, అసలు బిల్లులు, టీకాల పుస్తకం. మరణించినపుడు వైద్యుని ధ్రువపత్రం, చాలా సందర్భాలలో శవపరీక్ష నివేదిక కూడా అవసరం. దుఃఖంలో వెంటనే పూడ్చిపెట్టిన కారణంగా ఈ నివేదిక లేక క్లెయిము ఆగిపోయే ప్రమాదం ఉంది. కారుణ్య మరణానికి అది తప్పనిసరి అని వైద్యుడు ముందుగా వ్రాసి ఇవ్వాలి. దొంగతనానికి పోలీసు ఫిర్యాదు ప్రతి కావాలి.

బీమా ఒప్పందం పరమ విశ్వాసంపై ఆధారపడినది. పాత జబ్బులను దరఖాస్తులో దాచిపెడితే, వాటితో సంబంధం లేని క్లెయిము కూడా వివాదాస్పదం కాగలదు. కుక్కను పాలసీకి ముందు ఒకసారి పూర్తిగా పరీక్ష చేయించి, ఆ నివేదికను భద్రపరచుకోవడం యజమానికి రక్షణ.

ఫిర్యాదులు

క్లెయిమును నిరాకరించినపుడు కారణాన్ని, దానికి ఆధారమయిన నిబంధనను వ్రాతపూర్వకంగా కోరాలి. మొదట బీమా సంస్థలోని ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. ఒక నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2017 నాటి బీమా అంబుడ్స్‌మన్ నియమాల ప్రకారం ఈ సేవకు రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులో ఉంది. సంస్థ నిరాకరించిన నాటి నుండి ఒక సంవత్సరంలోగా ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే మార్గం కూడా ఉంది.

ఇతరులకు కలిగే హాని

కుక్క కరచినపుడు బాధితుని వైద్యపు ఖర్చు, పరిహారం యజమానిపై పడవచ్చు. భారతీయ న్యాయ సంహిత, 2023 లోని 291వ సెక్షన్ ప్రకారం తన వద్ద గల జంతువు వలన మనుషులకు ప్రమాదం కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. దీనికి ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఈ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. బీమా పౌర పరిహారాన్ని మాత్రమే భరించగలదు. నేరానికి విధించిన జరిమానాను బీమా భరించదు.

జర్మనీలో బెర్లిన్, హాంబర్గ్, లోయర్ శాక్సనీ వంటి కొన్ని రాష్ట్రాలలో కుక్కల యజమానులకు ఈ బాధ్యత బీమా తప్పనిసరి. ఇంగ్లండు, వేల్సులలో ఎక్స్ఎల్ బుల్లీ రకం కుక్కలను మినహాయింపు పత్రంతో ఉంచుకునేవారికి 2024 ఫిబ్రవరి నుండి ఇది తప్పనిసరి అయింది.

ఇతర దేశాలలో నియంత్రణ

అమెరికాలో బీమా నియంత్రణ రాష్ట్రాల పరిధిలోనిది. పెంపుడు జంతువుల బీమాకు ప్రత్యేక చట్టం చేసిన తొలి రాష్ట్రం కాలిఫోర్నియా. ఈ చట్టం 2014లో ఆమోదం పొందింది. 2022లో అమెరికా బీమా కమిషనర్ల జాతీయ సంఘం ఒక నమూనా చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ప్రమాదాలకు నిరీక్షణ కాలం ఉండరాదు, జబ్బులకు 30 రోజులకు మించరాదు. ఒక జబ్బు పూర్వవ్యాధి అని నిరూపించవలసిన బాధ్యత సంస్థదే. పాలసీ చేతికందిన 15 రోజులలోగా, క్లెయిము చేయనట్లయితే, దానిని తిరిగి ఇచ్చి సొమ్ము వాపసు పొందవచ్చు. అయితే ఈ నమూనాను చట్టంగా చేసుకున్న రాష్ట్రాలలోనే ఇవి వర్తిస్తాయి కనుక అక్కడ నివసించే తెలుగువారు తమ రాష్ట్రపు నిబంధనలను చూసుకోవాలి.

విమర్శలు

ఈ బీమాపై ప్రధాన విమర్శ ప్రీమియం పెరుగుదల గురించినది. వైద్య పరికరాలు, చికిత్సలు మెరుగుపడిన కొద్దీ ఖర్చులు, దానితో ప్రీమియం పెరుగుతున్నాయి. బ్రిటన్‌లో 2023లో పెంపుడు జంతువుల క్లెయిములకు బీమా సంస్థలు చెల్లించిన మొత్తం దాదాపు 118 కోట్ల పౌండ్లు. బీమా ఉన్నదని తెలిసి అనవసర పరీక్షలు చేస్తారన్న విమర్శ కూడా ఉంది. బీమా వలననే కష్టసాధ్యమైన చికిత్సలు సామాన్యులకు అందుతున్నాయని సమర్థించేవారి వాదన.

రెండవ విమర్శ పునరుద్ధరణకు హామీ లేకపోవడం. 2024లో అమెరికాలో నేషన్‌వైడ్ సంస్థ సుమారు లక్ష పెంపుడు జంతువుల పాలసీలను పునరుద్ధరించబోమని ప్రకటించింది. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టిన ముసలి కుక్కల యజమానులకు మరొక సంస్థలో చేరితే అప్పటికి ఉన్న జబ్బులన్నీ పూర్వవ్యాధులే అవుతాయి. అందువలన పాలసీని ఎన్నుకొనేటపుడు నేటి ప్రీమియంతో పాటు, కుక్క ముసలిదయిన నాటికి ఆ రక్షణ నిలిచి ఉంటుందా అనేది కూడా పరిశీలించవలసిన అంశం.

ఇవి కూడా చూడండి

* బీమా
* పశువుల బీమా
* కుక్క
* పశువైద్యం
* రేబీస్